బరువు తగ్గించే మందు, బరువు తగ్గమనే మాట

(స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట ఎవరి పేరున సభ జరుగుతోందో వారి గుణగణాలకు కేటాయించడం ఆచారం. మా మాస్టారు బతికుంటే ఆ పావుగంటా వాచీ చూసుకుంటూ కూర్చునేవారు. అందుకని ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళతాను. ఫిజియాలజీ క్లాసులో ఎవరైనా లేచి ఫలానా మందు బ్రహ్మాండంగా పనిచేస్తుందట సార్ అంటే, ఆయన సుద్దముక్క కింద పెట్టి "దేనికంటే?" అనేవారు. ఆ తర్వాత "ఎవరిలో? ఎన్నాళ్లు?" అని అడిగేవారు. ఈ సాయంత్రం నేను చేయబోయేదల్లా ఆ ప్రశ్నల్ని బరువు తగ్గించే మందులకు వేయడమే.

ఓపీలో కుర్చీ లాక్కునేలోపే వచ్చే ప్రశ్న ఇది: "బరువు తగ్గడానికి బిళ్ళేమైనా ఉందా డాక్టరుగారూ?" ఈ మధ్య ఇంజెక్షన్ పేరు కూడా వాళ్లే చెబుతున్నారు. మా వైద్యుల జవాబులు రెండు రకాలు. ఒకరు "మందులెందుకమ్మా, అన్నం తగ్గించి రోజూ నడవండి" అని పంపేస్తారు. ఇంకొకరు అడిగింది రాసి ఇచ్చేస్తారు. మందా, అలవాట్ల మార్పా అని పత్రికల్లో జరిగే చర్చంతా ఈ రెండు జవాబుల మధ్యే నడుస్తుంది. నేననేది ఏమిటంటే, అసలు ఆ తూకమే మనం సరిగ్గా వేయలేదు. మందుకు మోతాదు ఉంది, వ్యవధి ఉంది, వేలమంది మీద పరీక్ష ఉంది, రాసేవాడికీ అమ్మేవాడికీ ఆదాయం ఉంది. అలవాట్ల మార్పును మాత్రం గుమ్మం దాటుతున్న రోగి వీపు వెనక నుంచి ఒక మాటగా విసురుతున్నాం. మందును మాటతో తూచి, మందే గెలిచిందంటున్నాం.

ముందు మందుల సంగతి. వాటి గతం అంత మంచిది కాదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులో పేలుడు సామగ్రి తయారుచేసే కార్మికులు కొందరు డైనైట్రోఫినాల్ అనే రసాయనం మధ్య పనిచేస్తూ, జ్వరం తగిలినట్టు ఒళ్లు కాలిపోయి, చెమటలు కక్కుతూ చిక్కిపోయేవారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1933లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యులు టెయింటర్, కటింగ్ అదే రసాయనాన్ని బరువు తగ్గించే మందుగా పరిచయం చేశారు. చూస్తుండగానే లక్షమంది దాకా వాడారు. బరువు నిజంగానే తగ్గేది. ఆ వెనకే యువతుల కళ్లలో శుక్లాలు వచ్చాయి. జ్వరం దిగక చనిపోయినవాళ్ల కథలు వచ్చాయి. 1938లో అమెరికా కొత్త ఔషధ చట్టం తెచ్చినప్పుడు ఈ మందుకు తలుపులు మూసుకుపోయాయి.

ఇక్కడ చిన్న పక్కదారి పడతాను, మాస్టారికి ఇష్టమైన దారే. మనం తిన్నదాన్ని కణం కాల్చి, వచ్చిన శక్తిని ఏటీపీ రూపంలో పొదుపు చేసుకుంటుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరంలోంచి వేరుచేసినవాడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఆ పని చేశాడు. డైనైట్రోఫినాల్ చేసేది ఏమిటంటే, కాల్చడానికీ పొదుపు చేయడానికీ ఉన్న లంకెను తెంచేస్తుంది. శక్తంతా వేడిగా పోతుంది. ఈ సంగతి 1948లో గానీ తేలలేదు. అంటే డాక్టర్లు ఆ మందును ధారాళంగా రాసిన రోజుల్లో, అది ఒంట్లో ఏంచేస్తోందో రాసినవాళ్లకు తెలియదు. ఇప్పటికీ ఒంటి కొవ్వు కరిగిస్తుందని ఇంటర్నెట్‌లో ఆ పొడి కొని మింగి చనిపోతున్న కుర్రాళ్లున్నారు.

తర్వాత ఆంఫెటమిన్ల కాలం వచ్చింది. ఆకలి చంపేవి, నిద్ర చంపేవి, చివరికి వ్యసనమై కూర్చునేవి. 1965లో స్విట్జర్లాండులో అమినోరెక్స్ అనే మాత్ర వచ్చింది. దాన్ని వాడినవాళ్లలో ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడి పెరిగి, కొన్నేళ్లకే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. వీటిని ఇంతటితో వదిలేస్తాను. ఫెన్-ఫెన్ కథ మాత్రం విద్యార్థులు వివరంగా వినాలి.

ఫెంటర్మిన్‌కు అమెరికాలో 1959లో అనుమతి వచ్చింది. ఫెన్‌ఫ్లూరమిన్‌కు 1973లో వచ్చింది. ఫెన్-ఫెన్ పేరుతో రెంటినీ కలిపి వాడమని ఏ ప్రభుత్వమూ అనుమతి ఇవ్వలేదు. 1992లో ఒక అధ్యయనం అచ్చయింది. అందులో ఉన్నది 121 మంది. కలిపి వాడితే బరువు బాగా తగ్గిందని అందులో రాశారు. అంతే, నాలుగేళ్లు తిరిగేసరికి, 1996 ఒక్క ఏడాదిలో ఆ రెండు మందులకూ కలిపి అమెరికాలో రాసిన చీటీలు కోటీ ఎనభై లక్షలు దాటాయి. 1997లో మేయో క్లినిక్ వైద్యులు, నార్త్ డకోటాలోని ఫార్గో ఊరి వైద్యులతో కలిసి 24 మంది స్త్రీల వివరాలు ప్రచురించారు. వాళ్ల గుండె కవాటాలు దళసరెక్కి, మూసుకోవాల్సినప్పుడు మూసుకోక రక్తం వెనక్కి కారుతోంది. అందరూ ఫెన్-ఫెన్ వాడినవాళ్లే. ఫార్గోలో ఆ గుండె స్కానింగులు తీసే ఒక టెక్నీషియన్ ఈ వరసను ముందుగా పసిగట్టింది. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ల కంటే రోజూ తెర ముందు కూర్చునే మనిషి కన్ను చురుకైనది. ఆ ఏడాది సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్టు నుంచి తీసేశారు.

మన దేశానికి ఈ సెగ తగలలేదనుకోకండి. ఐరోపాలో 2006లో వచ్చిన రిమోనబాంట్ అనే బరువు మందు మనుషుల్ని దిగులులోకీ ఆత్మహత్య ఆలోచనల్లోకీ నెడుతోందని 2008లో అక్కడ ఆపితే, మన దగ్గర 2009లో నిషేధించారు. మరో బరువు మందు సిబుట్రమిన్‌ను 2011లో నిషేధించారు. ఈ రెండూ మన మెడికల్ షాపుల్లో దొరికినవే. నా వయసు వైద్యులు బరువు మందు అనగానే ముఖం చిట్లిస్తే, అది ఛాదస్తం కాదని కుర్రవాళ్లు గ్రహించాలి.

ఆ సిబుట్రమిన్‌తోనే, అది బతికున్న రోజుల్లో, ఒక చక్కని పరీక్ష జరిగింది. "దేనికంటే?" అన్న ప్రశ్నకు అంత సూటిగా జవాబిచ్చిన పరీక్ష నాకు ఇంకోటి తెలియదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ వాడెన్ బృందం 224 మంది స్థూలకాయుల్ని నాలుగు జట్లుగా చేసి, ఫలితాలు 2005లో ప్రచురించింది. రోజుకు 1200 నుంచి 1500 కెలోరీల ఆహారం, ఇంత వ్యాయామం అని నాలుగు జట్లకూ ఒకే కాగితం ఇచ్చారు. ఆ పైన ఒక జట్టుకు మాత్ర. ఒక జట్టుకు మాత్ర లేదు, ఏడాదిలో 30 సార్లు పదిమందీ కలిసి కూర్చునే సమావేశాలు. ఒక జట్టుకు రెండూ. మరో జట్టుకు మాత్రతో పాటు డాక్టరే ఎనిమిది సార్లు, పది పదిహేను నిమిషాల చొప్పున, అలవాట్ల గురించి మాట్లాడటం.

ఏడాది చివర లెక్క ఇది. మాత్ర జట్టు 5 కిలోలు తగ్గింది. సమావేశాల జట్టు 6.7 కిలోలు. మాత్రతో డాక్టరుగారి మాటలు కలిసిన జట్టు 7.5. రెండూ అందినవాళ్లు 12.1 కిలోలు. ఇందులో నన్ను ఆపి చదివించినది మొదటి జట్టు. వాళ్ల చేతిలోనూ ఆ కాగితం ఉంది. ఏం తినాలో, ఎంత నడవాలో అందరితో సమానంగా వాళ్లకూ తెలుసు. తేడా వచ్చింది తెలియడంలో కాదు, వారం వారం వచ్చి కూర్చునే చోటులో. ఇంకో ముక్క కూడా ఉంది. రెండూ అందిన జట్టులో తిన్నది తిన్నట్టు పుస్తకంలో బాగా రాసుకున్నవాళ్లు సగటున 18.1 కిలోలు తగ్గితే, అరకొరగా రాసినవాళ్లు 7.7 తగ్గారు. రాయడం వల్ల తగ్గారా, తగ్గేవాళ్లే రాశారా అని మీరు అడగాలి. అడిగితే సంతోషిస్తాను. దానికి ఈ పరీక్ష జవాబివ్వదు.

2010లో గుండెజబ్బో షుగరో ఉన్న సుమారు పదివేల మందిలో సిబుట్రమిన్ గుండెపోటునూ పక్షవాతాన్నీ పెంచుతోందని తేలి, ఆ మందు వెళ్లిపోయింది. పరీక్షలో మాత్ర పాత్ర పోషించిన నటుడు పోయాడు గానీ, ఆ 30 సమావేశాలకు ఏ దుష్ఫలితమూ బయటపడలేదు.

ఇప్పుడు రెండో పళ్లెంలోకి వద్దాం. అలవాట్ల మార్పు పనిచేస్తుందని మేం ఎప్పుడూ ఉదహరించే పరీక్ష అమెరికాలోని డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం. 27 కేంద్రాలు, షుగర్ అంచున ఉన్న 3234 మంది. 2002లో ఫలితాలు వచ్చాయి. సుమారు మూడేళ్లలో మెట్‌ఫార్మిన్ మాత్ర మధుమేహాన్ని 31 శాతం తగ్గిస్తే, అలవాట్ల మార్పు 58 శాతం తగ్గించింది. అరవై దాటినవాళ్లలో ఇంకా ఎక్కువ. మెట్‌ఫార్మిన్ బరువు మందు కాదు, నిజమే. కానీ మాత్రనూ జీవనవిధానాన్నీ ఎదురెదురుగా నిలబెట్టిన ఇంత పెద్ద పరీక్ష అదే. ఈ 58 శాతాన్ని పవర్‌పాయింటులో చూపించని వక్త లేడు. ఆ 58 శాతానికి వాళ్లు ఏం చేశారో చూపించే వక్త మాత్రం అరుదు. ప్రతి మనిషికీ ఒక శిక్షకుడు. మొదటి ఆరు నెలల్లో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని 16 పాఠాలు. ఆ తర్వాత నెలనెలా పలకరింపు. వచ్చిన ప్రతిసారీ కాటా. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక అనే గురి. పెళ్లిభోజనం దగ్గర ఏం చేయాలి, ఇంట్లో గొడవ జరిగిన రోజు ఏం చేయాలి, వాన పడితే నడకేమవుతుంది అన్న స్థాయి మాటలు. ఇదీ వాళ్ల "జీవనవిధాన మార్పు". మనం ఓపీలో ఇచ్చేది దాని పేరు మాత్రమే.

మన వాళ్లలో ఇది పనికొస్తుందా అంటే, చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిలో చూసి 2006లో చెప్పింది. ఏమీ చేయనివాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. అలవాట్లు మార్చుకున్నవాళ్లలో 39.3 శాతం, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో 40.5 శాతం, రెండూ చేసినవాళ్లలో 39.5 శాతం. రెండూ కలిపినందువల్ల అదనంగా ఒరిగింది లేదు. అమెరికా లెక్కలతో పోలిస్తే అలవాట్ల బలం ఇక్కడ తక్కువ కనిపించింది, మందుతో సమానంగా నిలిచింది. అసలు విశేషం మరోటి. ఆ చెన్నై వాళ్ల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు. బరువు తగ్గకుండానే షుగర్ తగ్గింది. కాటా ముల్లు కదల్లేదని నడక మానేసే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పాలి. వాళ్లకు అందిన సాయం కూడా నెలకోసారి ఫోను, ఆరు నెలలకోసారి ముఖాముఖి. మనకు అసాధ్యమైనదేమీ కాదు.

ఇంతవరకూ నేను ఒక పక్షానికి వకాల్తా పుచ్చుకున్నట్టుంది. ఎదుటి పక్షం వాదన కూడా గట్టిదే. అమెరికాలోనే లుక్ అహెడ్ అని, షుగర్ ఉన్న 5145 మంది మీద మరింత కట్టుదిట్టమైన కార్యక్రమం నడిపారు. మొదటి ఏడాది సగటున 8.6 శాతం బరువు తగ్గారు. తొమ్మిదిన్నరేళ్లకు అది 6 శాతం దగ్గర నిలిచింది. మామూలు సలహాలు అందినవాళ్లు కూడా ఈలోగా 3.5 శాతం తగ్గారు. గుండెపోట్లలో తేడా కనిపించక, పరీక్షను అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. మోకాళ్ల నొప్పి తగ్గింది, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తగ్గింది, మెట్లెక్కే సత్తువ మిగిలింది. ఇవి చిన్న లాభాలు కావు. అయినా ప్రాణం నిలబెట్టే లాభం కోసం చూసినవాళ్లకు నిరాశే మిగిలింది.

ఎందుకు తిరిగి పెరుగుతారు? నోరు కట్టుకోలేక అని తేలిగ్గా అనేస్తాం. మెల్‌బోర్న్‌లో 50 మందిని పది వారాలు చాలా తక్కువ కెలోరీల మీద ఉంచి బరువు తగ్గించి, వాళ్ల రక్తంలో ఆకలి హార్మోన్లు కొలిచారు. 2011లో వచ్చిన ఫలితం: ఏడాది గడిచినా ఆకలి పెంచే హార్మోను పైనే ఉంది, కడుపు నిండిందని చెప్పేవి కిందే ఉన్నాయి. శరీరం పోయిన బరువును అప్పుగా లెక్కేసుకుని వసూలుకు తిరుగుతోంది. ఆ ఆకలి నిజమైన ఆకలి. దాన్ని సంకల్పబలంతో జీవితాంతం ఎదిరించమని చెప్పే హక్కు, సాయంత్రం ఆరింటికి క్లినిక్కులో సమోసా తినే మాకు లేదు.

కొత్త ఇంజెక్షన్లు పనిచేసేది సరిగ్గా ఈ చోటే. పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోను కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరవేస్తుంది. కానీ అది నిమిషాల్లో విరిగిపోతుంది. హీలా అనే అమెరికా ఎడారి విషపు బల్లి లాలాజలంలో, దానిలాగే పనిచేస్తూ ఎక్కువసేపు నిలిచే పదార్థాన్ని జాన్ ఎంగ్ అనే వైద్యుడు 1992లో కనుక్కున్నాడు. దాన్నుంచి 2005లో ఒక షుగర్ ఇంజెక్షన్ వచ్చింది. తర్వాత వేరే దారిలో, మనిషి హార్మోన్నే మార్చి, వారానికోసారి సరిపోయే సెమాగ్లూటైడ్ తయారుచేశారు. 1961 మంది మీద 68 వారాలు జరిగిన పరీక్షలో, 2021 నాటి ఫలితం ప్రకారం, సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లు 2.4 శాతమే తగ్గారు. రెండు హార్మోన్ల పని చేసే టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదులో 20.9 శాతం దాకా వెళ్లింది.

ఇక్కడ "దేనికంటే?" మర్చిపోకండి. ఉత్తుత్తి సూది జట్టుకు కూడా నాలుగు వారాలకోసారి ఆహార సలహా, వ్యాయామ లక్ష్యం ఉన్నాయి. ఆ సలహా ఫలితమే ఆ 2.4 శాతం. 611 మందితో జరిగిన మరో పరీక్షలో సలహాను చాలా గట్టిగా, 30 సార్లు కూర్చోబెట్టి, మొదట్లో తక్కువ కెలోరీల ఆహారం పెట్టి ఇచ్చారు. మందు లేనివాళ్లు 5.7 శాతం, ఉన్నవాళ్లు 16 శాతం తగ్గారు. అంటే గట్టి శిక్షణ మందు లేనివాళ్లకు బాగా అక్కరకొచ్చింది, మందు ఉన్నవాళ్లకు కాటా మీద పెద్దగా కలపలేదు. రెండు వేర్వేరు పరీక్షల్ని ఇలా పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు గానీ, దిశ స్పష్టమే. కిలోల లెక్కలో ఈ తరం మందుల ముందు శిక్షణ నిలవదు. ఇది ఒప్పుకోని వైద్యుడు తన అభిప్రాయానికి వైద్యం చేసుకుంటున్నాడే గానీ రోగికి కాదు. పైగా, షుగర్ లేకుండా గుండెజబ్బూ అధిక బరువూ ఉన్న 17,604 మందిలో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. డైనైట్రోఫినాల్ నుంచి సిబుట్రమిన్ దాకా ఏ బరువు మందూ గుండెకు మేలుచేసినట్టు చూపించలేదు. మా తరం భయాన్ని ఈ ఒక్క ఫలితం కొంత సడలించింది.

ఇక మూడో ప్రశ్న, ఎన్నాళ్లు? సూది ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. పెళ్లికి ముందు మూడు నెలలు వేసుకుందామనుకునేవాళ్లకు ఈ వాక్యం చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసివ్వాలి. అదే సమయంలో, బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగిందని మాత్రను తప్పుపట్టం కదా అని అడిగేవాళ్ల మాటలోనూ పస ఉంది.

కోపెన్‌హాగెన్‌లో 195 మందితో చేసిన పరీక్ష ఇక్కడ బాగా ఉపయోగం. ముందు ఎనిమిది వారాల ఆహార నియమంతో సగటున 13 కిలోలు తగ్గించారు. ఆ తర్వాత ఏడాది పాటు కొందరికి వ్యాయామం, కొందరికి అదే కోవకు చెందిన లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. రెండూ అందినవాళ్లే అందరికంటే మేలుగా నిలిచారు, ఒంటి కొవ్వు కూడా వాళ్లలోనే ఎక్కువ తగ్గింది. అన్నీ ఆపేసి మరో ఏడాది తర్వాత చూస్తే, మందు మాత్రమే వాడినవాళ్లు ఎక్కువ తిరిగి పెరిగారు. వ్యాయామం అలవాటైనవాళ్లు తగ్గినదాన్ని కాస్త కాపాడుకున్నారు. నా దృష్టిలో తూకం వేయాల్సిన పద్ధతి ఇది. మందు ఆకలిని చూసుకుంటుంది. మందు దిగిపోయాక మిగిలేది ఒంటికి పట్టిన అలవాటు.

మన ఒంటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ తమ ఇద్దరి ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన పొట్ట మన అద్దంలో రోజూ కనిపించేదే. అందుకే మనకు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల నడుం చుట్టుకొలత దాటితే హెచ్చరిక. కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అయిన ఈ శరీరానికి సూది ఇస్తే ఏమవుతుంది? సెమాగ్లూటైడ్ పరీక్షలో కొందరిని స్కాన్ చేసి చూస్తే, పోయిన బరువులో ఐదింట రెండు వంతుల దాకా కొవ్వు కానిదే. అసలే తక్కువ ఉన్న కండ, పూటకు నాలుగు ముద్దలు తిని లేచే ఆకలిలేమి, ఆ నాలుగు ముద్దలూ అన్నం, చారు. ఇలా అయితే అరవయ్యేళ్ల ఆవిడ పది కిలోలు తగ్గి, కింద కూర్చుని లేవలేని స్థితికి రావచ్చు. అందుకే ఇంజెక్షన్ మొదలుపెట్టిన ఇంట్లో పప్పు చిక్కబడాలి, గుడ్డో చేపో పెరుగో పెరగాలి, వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తడం లాంటి కండకు పనిచెప్పే వ్యాయామం ఉండాలి. మందు ఉంటే అలవాట్లు అక్కర్లేదన్నది తలకిందులు మాట. మందు ఉన్నప్పుడు వాటి అవసరం ఎక్కువ.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు దేశం మొత్తం మీద 24 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఒకప్పుడు దక్కనులో జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా అనే పోషకలోపాన్ని పట్టుకున్న చోటు. అదే సంస్థ ఇప్పుడు తిండి ఎక్కువై వచ్చే జబ్బుల గురించి మార్గదర్శకాలు రాస్తోంది. రెండు తరాల్లో ఇంత మార్పు వస్తే దాన్ని ఒక్కొక్క ఆడమనిషి నోటి చాపల్యం మీదకు నెట్టడం అన్యాయం. వండేది ఆవిడే, చివర తినేది ఆవిడే, మిగిలింది పారేయలేక తినేదీ ఆవిడే. ఉదయం ఐదింటికి వీధిలో ఒంటరిగా నడవమంటే కుక్కలున్నాయి, వెలుతురు లేదు, ఆరింటికి క్యారేజీలు కట్టాలి. ఈ మధ్యలో ఎవరో ఒకరు ఉప్పూ నూనే మానేయమంటారు, ఇంకొకరు కొబ్బరినూనె తాగమంటారు. కొన్నేళ్ల కిందట మన ఊళ్లలో ఆ నూనె డబ్బాల కోసం జనం ఎంత ఎగబడ్డారో ఇక్కడున్న చాలామందికి గుర్తే. తగ్గినవాళ్లు ఉన్నారు. ఏడాది తర్వాత వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

మార్కెట్టు ఇంకో వైపు నుంచి వస్తోంది. 2025లో టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ బరువు ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికొచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు ఇక్కడ 2026 మార్చితో సరి. బల్క్ డ్రగ్స్ రాజధాని అనిపించుకున్న హైదరాబాదుకు ఇది పండగే. ధర దిగడం మంచిదే, నేను స్వాగతిస్తాను. కానీ డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే మెడికల్ షాపు, చీటీ లేకుండా ఈ సూదినీ అమ్ముతుంది. థైరాయిడ్ జబ్బు లేకపోయినా సన్నబడటానికి థైరాక్సిన్ మింగేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. మూలికలని అమ్మే స్లిమ్మింగ్ పొడుల్లో నిషేధించిన సిబుట్రమిన్‌ను కలిపినట్టు విదేశీ నియంత్రణ సంస్థలు మళ్లీ మళ్లీ పట్టుకున్నాయి.

నేనైతే ఎవరికి రాస్తాను? బీఎంఐ 30 దాటినవాళ్లకు, 27 దాటి షుగరో బీపీయో నిద్రలో ఊపిరాగే జబ్బో ఉన్నవాళ్లకు, గుండెపోటు ఒకసారి వచ్చిపోయినవాళ్లకు సంకోచం లేకుండా రాస్తాను. అతితక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెలనెలా పెంచాలి. వికారం, వాంతులు, మలబద్ధకం ఉంటాయి. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, అరుదుగా క్లోమం వాయవచ్చు. ఇంట్లో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు వద్దు. పిల్లలు కావాలనుకునే అమ్మాయి సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందు ఆపాలి. మన దగ్గర సర్వసాధారణమైన షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ వాడుతున్నవాళ్లలో ఆ మాత్ర తగ్గించకుండా సూది మొదలుపెడితే షుగర్ పడిపోవచ్చు. నాలుగైదు కిలోలు తగ్గి ఫోటోలో బాగుండాలనుకునే పాతికేళ్లవాళ్లకు రాయను. వాళ్లు ఇంకో చోటుకి వెళతారని తెలిసే రాయను.

ఇక అలవాట్లను చీటీ మీద ఎలా రాయాలి? పల్లెల్లో ఆశా కార్యకర్త ముప్పై దాటిన ప్రతివాళ్ల నడుమూ టేపుతో కొలిచి కాగితం నింపుతోంది. కొలత ఊరిదాకా వచ్చింది. కొలిచాక ఇవ్వాల్సిన 16 పాఠాలు రాలేదు. కేరళలో తిరువనంతపురం ప్రాంతంలో 60 పోలింగు కేంద్రాల పరిధిలో 1007 మందితో, డాక్టర్లు కాకుండా ఊరివాళ్లే నాయకులుగా, ఏడాది పాటు గ్రూపు సమావేశాలు నడిపి చూశారు. 2018లో వచ్చిన ఫలితంలో రెండేళ్లకు షుగర్ కొంచెం తక్కువే వచ్చింది గానీ, గట్టిగా రుజువైందనేంత తేడా లేదు. మద్యం తగ్గింది, కూరగాయలు పెరిగాయి. పెద్ద విజయమేమీ కాదు. కానీ మన దక్షిణాదిలోనే, మామూలు మనుషులతో, తక్కువ ఖర్చుతో చేయగలిగారన్నది ఒక్కటే నాకు చాలు.

ఈ స్మారక నిధి నిర్వాహకులకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది వక్తను పిలవకండి. ప్రయాణ ఖర్చు, శాలువా, భోజనాలు, ఈ హాలు అద్దె కలిపి, మాస్టారి ఊళ్లో ఒక బడి వరండాలో సాయంత్రం పూట వారానికోసారి పాతికమంది కూర్చునే ఏర్పాటు చేయండి. ఒక కాటా, ఒక టేపు, ఒక హాజరుపట్టీ, జీతమిచ్చి పెట్టుకున్న ఒక న్యూట్రిషన్ డిగ్రీ అమ్మాయి. మందు వాడుతున్నవాళ్లూ, వాడనివాళ్లూ ఇద్దరూ రావచ్చు. పాఠాలు మేం కొందరం రాసిస్తాం, ఊరి వంటకాలతో, ఊరి పండగలతో. ఏడాది తిరిగాక ఇదే తేదీన ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు, నడుం ఎంత తగ్గింది, మందు ఎవరికి ఆగింది, ఇవన్నీ ఆ అమ్మాయి చేతే ఇక్కడ నిలబెట్టి చదివించండి. లెక్కలు బాగా రాకపోయినా చదివించండి.